అన్నలను అవుట్ చేసే సాజిదా

తెలంగాణ బంద్ వల్ల ఈ రోజు జనగామలో జరగాల్సిన బాలికల క్రికెట్ జట్టు ఎంపికలు వాయిదా పడ్డాయి. వచ్చినవాళ్లకు ఆ మాట చెప్పడానికి కోచ్‌నైన నేనొక్కడినే మైదానంలో కూర్చున్నాను. పదకొండింటికి జఫర్‌గఢ్ నుంచి ఒక దర్జీ తన పద్నాలుగేళ్ల కూతురు సాజిదాను సైకిల్ మీద తీసుకొచ్చాడు. బస్సులు లేవు మరి, అంత దూరం తొక్కాడు. వాయిదా అనగానే ఆ పిల్ల ముఖం వాడిపోయింది. ఊరికే పంపలేక బంతి చేతికిచ్చి, నేనే బ్యాట్ పట్టుకుని నిలబడ్డాను.

మొదటి బంతి నా కాళ్ల పక్కన పడి, గిర్రున తిరిగి ఆఫ్ స్టంప్‌ను పడగొట్టింది. ఏదో పొరపాటున తిరిగిందనుకున్నాను. రెండోదీ అంతే. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవాణ్ణి, ఆరు బంతుల్లో నాలుగుసార్లు అవుటయ్యాను.

"గిట్ల తిప్పుడు ఎవరు నేర్పిండ్రు బిడ్డా?" అని అడిగాను.

"ఎవ్వరు నేర్పలే సార్. మా అన్నలను అవుట్ చేస్తెనే నాకు బ్యాటింగ్ ఇస్తరు. లేకుంటె దినమంతా బౌలింగే."

వెంటనే ఎంపిక చేసే పెద్దాయనకు ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం ఎంపికలు పెడతామని, మొదట సాజిదానే చూస్తానని మాటిచ్చారు. ఆ అన్నల మీద నాకు కోపం రావాలి గానీ, దండం పెట్టాలనిపిస్తోంది. మీ ఊళ్లో కూడా బ్యాటింగ్ దొరకని చెల్లెళ్లున్నారా? ఉంటే చెప్పండి.