స్టీలు గ్లాసులో సుగంధి

మా బావగారు ఆ రోజు తెలిసి తాగలేదు. తెలిసే తాగారని మా రెండు కుటుంబాల్లోనూ నమ్మారు. వాళ్ళు అలా నమ్మడానికి కారణం నేను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నలభై ఎనిమిదో ఏట నాకు ఇంట్లో కాక్‌టెయిల్స్ కలిపే పిచ్చి పట్టుకుంది. మచిలీపట్నంలో ఆఫీసు, ఇల్లు తప్ప నాకు మరో వ్యాపకం లేదు. ఫోన్లో వీడియోలు చూసి మొదలుపెట్టాను. గిలక్కొట్టడానికి మూత గట్టిగా పట్టే పచ్చడి సీసా, వడకట్టడానికి టీ వడపోత, కొలవడానికి దగ్గుమందు సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూత. ఆ మూతని కంటికెదురుగా పెట్టుకుని కొలుస్తుంటే మా ఆవిడ నవ్వేది.

"డాక్టరుగారూ, పేషెంటు ఎవరండీ?"

ఐసు కోసం ఫ్రిజ్ సగం ఆక్రమించినప్పుడు మాత్రం, "బందర్లో ఐసు చేపలకి వేస్తారండీ, మనుషులకి కాదు" అని విసుక్కుంది.

నిజానికి నేను తాగేది తక్కువ. దేనికి ఏది కలుస్తుందో, ఎందుకు కలుస్తుందో తెలుసుకోవడంలోనే నాకు ఆనందం. నిమ్మచెక్కని చివరిదాకా పిండితే తొక్కలోని చేదు దిగుతుందని ఒక ఆదివారమంతా పాడుచేసుకున్నాక తెలిసింది. చక్కెర చల్లటి నీళ్ళలో కరగదు, ముందే లేతపాకం పట్టి ఉంచుకోవాలి. ఐసు చల్లబరచడానికే అనుకునేవాణ్ణి. అది కరిగి ఇచ్చే నీళ్ళు కూడా ఒక దినుసేనని, ఎక్కువసేపు గిలక్కొడితే పానీయం పల్చబడి చచ్చిపోతుందని తర్వాత అర్థమైంది. రమ్ము సంగతి ఇంకా బాగా అర్థమైంది. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే క్రషింగు రోజుల్లో ఉయ్యూరు మీదుగా బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి వచ్చే ఆ మగ్గిన తీపి వాసన నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. రమ్ము పుట్టేది చక్కెర తీయగా మిగిలిన ఆ మడ్డిలోంచేనని చదివాక, అది బెల్లంతో, శొంఠితో ఎందుకు అంత తేలిగ్గా కలిసిపోతుందో తెలిసింది. వాటన్నిటికంటే బాగా కలిసేది మన సుగంధి. ఆ వేళ్ళ షర్బత్తుకి మట్టివాసన ఉంటుంది, నలుపు రంగు ఉంటుంది. అందులో రమ్ము పోస్తే రంగూ తెలియదు, వాసనా తెలియదు. కాస్త నిమ్మరసం, సోడా కలిపితే ఇక చెప్పక్కర్లేదు.

మందు ఉన్న సంగతి తెలియకుండా కలపడమే పనితనమని అప్పట్లో నా నమ్మకం.

మా అక్క వాళ్ళది కోడూరు. బావగారికి కొంత వరిపొలం, రెండు రొయ్యల చెరువులు. ఆయన ఒకప్పుడు బాగా తాగేవారు. నాలుగేళ్ళ కిందట వాళ్ళమ్మగారి ఎదుట మా అక్క నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశారు. మా వైపు అలాంటి ఒట్టు తప్పితే కీడు ఒట్టు వేసిన మనిషికి కాదు, ఎవరి తలమీద చెయ్యి ఉందో వాళ్ళకి అని నమ్మకం. నమ్మని వాళ్ళు కూడా ఆ మాట పైకి అనరు. ఆ నాలుగేళ్ళూ బావగారు చుక్క ముట్టుకోలేదు.

పోయిన వేసవిలో ఒక ఆదివారం అక్కనీ బావగారినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. నా ఆఫీసు స్నేహితులిద్దరు కూడా వచ్చారు. వాళ్ళకి నా సుగంధి రమ్ము రుచి చూపించాలని నా ఉబలాటం. అక్కకి మందు కనపడితేనే కడుపులో తిప్పుతుంది. అందుకని అందరి ఇళ్ళలోనూ చేసే పనే నేనూ చేశాను. గాజు గ్లాసులు లోపల పెట్టేసి స్టీలు గ్లాసులు తీశాను. మూడింట్లో రమ్ము, మిగిలిన మూడింట్లో ఉత్త సుగంధి. గుర్తుకి రమ్ము ఉన్న వాటిలో పుదీనా ఆకు వేసి, ట్రే అక్కడే ఉంచి సోడా సీసాలు పారేయడానికి పెరట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆరు గ్లాసుల్లోనూ పుదీనా ఉంది.

"మూడింటికే వేసి వదిలేశారేంటండీ? చూడ్డానికి బాగోదని అన్నిట్లో వేశాను" అంది మా ఆవిడ.

కొన్నిట్లో రమ్ము ఉందని, పుదీనా దానికి గుర్తని ఆమెకి తెలియదు. వాసన చూసి పోల్చుకోవచ్చు కదా అనుకున్నాను. కానీ తెలియకుండా కలిపింది నేనే కదా. ఎడమవైపు పెట్టినవి ఇవేనని గుర్తు తెచ్చుకుని, అంచనాగా పంచేశాను.

నా గ్లాసు ఒక గుక్క తాగాను. ఉత్త సుగంధి. స్నేహితులిద్దరూ నావంక చూసి కనుబొమ్మలు ఎగరేశారు, అద్భుతం అన్నట్టు. మిగిలిన మూడో గ్లాసు, ట్రేలో నా దాని పక్కనే ఉన్నది, బావగారి చేతిలో ఉంది. అప్పటికి సగమే అయింది. నేను లేచి ఆ గ్లాసు అందుకుంటే సరిపోయేది. "ఇందులో పురుగు పడింది బావగారూ" అన్నా సరిపోయేది.

లేవలేదు. ఆయనకి తెలుస్తుందో లేదో చూద్దామనుకున్నాను. సిగ్గుపడాల్సిన మాటే, కానీ అదే నిజం. పాతికేళ్ళు తాగిన నోరు పోల్చుకోలేకపోతే నా చేతిలో అంత పనితనం ఉన్నట్టు. పైగా ఆయనకి ఆ రోజు జలుబు కూడా చేసింది. ఆ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

బావగారు గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నారు. "బ్రహ్మాండంగా ఉంది బావా. ఇంకో గ్లాసు పొయ్యి."

రెండోసారి ఉత్తదే పోశాను. లోపల మాత్రం పొంగిపోయాను.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. బండి మీద వెనక కూర్చున్నప్పుడు ఆయన తల తిప్పి మాట్లాడితే వాసన కొట్టిందట.

"ఒరే, నిజం చెప్పు. ఆయనేమో నువ్విచ్చిన సుగంధి తప్ప ఏం తాగలేదంటున్నాడు. అందులో ఏమన్నా కలిపావా?"

"అబ్బే, లేదక్కా. ఉత్త సుగంధే."

ఆ ఒక్క మాటతో ఆయన అబద్ధాలకోరు అయిపోయారు. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు వారమైంది, నెలైంది. ఈలోగా అక్క గుడివాడలో ఉన్న అత్తగారికి చెప్పుకుని ఏడ్చింది. ఆవిడ ఇక కోడూరు గడప తొక్కనన్నారు. శ్రావణంలో అక్కకి టైఫాయిడ్ వచ్చి పన్నెండు రోజులు మంచం మీద ఉంటే, ఒట్టు తప్పిన పాపమేనని ఇంట్లో గుసగుసలాడారు. నేను పళ్ళు తీసుకుని చూడటానికి వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని కమలాపండు తొనలు వలిచి పెడుతూ కూడా నోరు విప్పలేదు.

కార్తీకంలో అక్క మళ్ళీ ఫోన్ చేసింది.

"సోమవారం ఆయన్ని విజయవాడ తీసుకెళ్తున్నాను. తాగుడు మాన్పించే ఆసుపత్రి ఉందంట. నువ్వూ తోడు రారా."

"ఎందుకక్కా, మళ్ళీ తాగుతున్నారా?"

"ఏమో. ఆయనే తీసుకెళ్ళమన్నాడు."

మర్నాడు పొద్దున్నే బండి తీసి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా కోడూరు వెళ్ళాను. నేను చేరేసరికి బావగారు చెరువు దగ్గర్నుంచి టిఫినుకి వస్తున్నారు. అక్క గుమ్మంలో నిలబడింది. ఎవరూ ఏమీ అనకుండానే ఆయన రెండు మెట్లెక్కి, మెడ ముందుకి చాచి, ఆమె మొహం దగ్గర నోరు తెరిచి గట్టిగా ఊపిరి వదిలారు. అక్క పక్కకి జరిగింది. అప్పుడు లోపలికి వచ్చారు. నన్ను చూసి, "ఏం బావా, ఇంత పొద్దున్నే?" అన్నారు, ఏమీ జరగనట్టు.

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాను. గ్లాసులు, పుదీనా, సగం గ్లాసు దగ్గర నేను లేవకపోవడం, ఫోన్లో చెప్పిన అబద్ధం. ఏ వివరమూ దాచలేదు.

ముందు బావగారే మాట్లాడారు. అరవలేదు.

"మీ అక్కకి వాసన వచ్చిన మాట నిజమే కదా బావా. నువ్వేమో కలపలేదన్నావు. నువ్వు లేదన్నాక ఇంకెవర్ని అడుగుతాను? మరి ఆ వాసన ఎక్కణ్ణించి వచ్చిందా అని రోజూ ఆలోచించేవాణ్ణి. ఇన్నేళ్ళు తాగాను కదా, పాతది ఒంట్లోంచే వస్తోందేమో అనుకున్నా. లేదా తాగేసి మర్చిపోతున్నానేమోనని. అందుకే ఆసుపత్రికి పదమన్నా."

నేను కాళ్ళు పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఛ, లే బావా. అదేంటి."

అక్క మాత్రం క్షమించే స్థితిలో లేదు. "మంచంలో పడున్నప్పుడు కూడా ఆయన్నే తిట్టుకున్నానురా. నువ్వు పక్కనే కూర్చుని పండు వలిచి పెట్టావు" అంది. తర్వాత తన ఫోన్ తీసి అత్తగారికి కలిపి, స్పీకరు పెట్టి నా చేతికిచ్చింది. "నాకు చెప్పింది ఆవిడకీ చెప్పు. ఒక్క ముక్క వదలకుండా."

ఆవిడకి ఎనభై రెండేళ్ళు, చెవులు సరిగ్గా వినపడవు.

"అత్తయ్యగారూ, ఆ రోజు మందు కలిపింది నేనండీ!"

"ఎవరికి పెళ్ళి?"

"పెళ్ళి కాదండీ! మందు! సుగంధిలో మందు నేను కలిపాను! బావగారికి తెలియదు!"

పక్కింటి వాళ్ళు ప్రహరీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. గట్టు మీద వలలు బాగుచేస్తున్న ఇద్దరు చేతులు ఆపారు. మొత్తం కథ మూడుసార్లు అరిచి చెప్పాను. మూడోసారికి నా గొంతు పోయింది.

ఈసారి ఆవిడకి అర్థమైంది.

"వాడు చెప్పాడు నాయనా, తాగలేదమ్మా అని. నా ఎదురుగా ఏడ్చి చెప్పాడు. నేనే నమ్మలేదు. వాడికి ఫోనివ్వు."

బావగారు స్పీకరు తీసేసి, ఫోన్ చెవికి ఆనించుకుని చెరువు వైపు నడిచారు. అక్కా నేనూ గుమ్మంలోనే ఉండిపోయాం. ఆయన వింటూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "టిఫిను చల్లారిపోతోంది, పిలవనా?" అన్నాను అక్కతో.

"ఉండనీ. వాళ్ళమ్మతో మాట్లాడుకోనీ" అంది.