చుట్టాల యాట

మా అబ్బాకు అరబీ చదవడం రాదు. నమాజుకు కావలసిన నాలుగు సూరాలు, కోతకు ముందు పలికే దేవుడి పేరు, అంతే ఆయన చదువు. మరిపెడ దగ్గర మా ఊళ్లో ముప్పై ఏళ్లు యాటలు కోసింది ఆయనే. కోతకు తెచ్చినది మేకయినా గొర్రయినా మా వైపు యాట అంటారు. పెండ్లయినా, పసిబిడ్డను ఊయలలో వేసే తొట్టెలయినా, హిందువుల ఇళ్లలో కూడా చుట్టాలకు పెట్టే యాటను సాయిబు చేతే కోయించేవారు. సాయిబు కోయని కూర గొంతు దిగదనే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు.

నేను జనగామలో ఒక మదర్సాలో చదివాను. అక్కడ నాకు ఖురాన్ దొరికింది. నా బతుకులో ఇప్పటికీ అంతకన్నా పెద్దది లేదు. జమాత్‌లో భుజానికి భుజం ఆనించి నిలబడితే కూలివాడి కొడుకునన్న సంగతే గుర్తుండేది కాదు. నమాజు అయ్యాక మాత్రం పట్నం పిల్లలు మా ఊరి ఉర్దూకు నవ్వేవారు. మా ఇంట్లో పీర్ల పండక్కి బెల్లం మలీదా చేస్తారని తెలిసి ఇంకా నవ్వారు. ఒకసారి బయటి నుంచి వచ్చిన ఒకాయన, మీ పెద్దలు చేసేది దీన్ కాదు, ధర్మం కాదు, వట్టి అలవాటు అన్నాడు. ఆ మాటకు నేను బాధపడాల్సింది. సంతోషపడ్డాను. వాళ్లు నవ్వింది మా అబ్బా అలవాట్లను, నన్ను కాదు అనుకున్నాను.

ఆ సెలవుల్లో ఇంటికొచ్చేసరికి పక్కింటి మామ మనుమరాలికి తొట్టెల. వాళ్లు కాపులు. అబ్బా, ఆయన ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. నేను వెళ్లేసరికి వాకిట్లో అబ్బా యాట మెడ సవరిస్తున్నాడు. దాని నొసట పసుపు, కుంకుమ. దేవుడి పేరు మీద కాక వేరే పేరు మీద ఇచ్చిన జీవం మనకు నిషిద్ధం. అది నేను గ్రంథంలో చదువుకున్న సంగతి. వెళ్లి అబ్బా చెయ్యి పట్టుకున్నాను.

"కత్తి దించు అబ్బా. దేవతకిచ్చిన యాటను కోస్తే మన ఈమాన్ పోతది."

వాకిట్లో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. మామ నవ్వాడు.

"ఏంది అల్లుడా, జనగామల బువ్వ సరిగ్గ పెడ్తలేరా? ఎల్లమ్మ యాట పొద్దుగాలనే గుడికాడికి పోయింది. దాన్ని మావోళ్లే కోసిన్రు. మీ నాయిన చేత అది ఎన్నడన్న కోయించిన్నా? గిది సుట్టాలది."

"మరి బొట్టెందుకుంది?"

"పోరగాండ్లు వెట్టిన్రు. జరసేపు నిలవడు, నీకూ పెడ్తరు."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. నాకప్పుడే అర్థమైంది. మా అబ్బా కోసం ఆ ఇంటివాళ్లు ముప్పై ఏళ్లుగా రెండు యాటలను వేరు చేసి ఉంచుతున్నారు. ఆ సంగతి నేను ఏనాడూ ఇంట్లో అడగలేదు. అడిగి ఉంటే ఒక్క మాటలో తేలేది. కానీ అంతమంది నవ్వాక వెనక్కు తగ్గడం నావల్ల కాలేదు.

"ఎవరు పెట్టినా తప్పు తప్పే," అన్నాను.

మామ నవ్వు ఆగిపోయింది. అబ్బా నా మొహం చూశాడు, కత్తి తుడుచుకుని లేచి వచ్చేశాడు. కొడుకును పదిమందిలో కాదనడం ఇష్టం లేక వచ్చాడని చాలా రోజుల తర్వాత అమ్మ చెప్పింది. ఆ యాటను మామ కొడుకే కోశాడు. భూపాలపల్లిలో బొగ్గు గని పనిలో ఉండి, తొట్టెల కోసం వచ్చాడు. ముసలమ్మలు ఆ రోజు చారుతో తిన్నారు.

మదర్సాకు తిరిగి వెళ్లాక మెచ్చుకుంటాడని మా ఉస్తాద్‌కు ఈ సంగతి చెప్పాను. ఆయన ముసలివాడు, తక్కువ మాట్లాడేవాడు. "ఆ యాట ఎవరి పేరు మీదిదో ముందు మీ అబ్బాను అడిగినవా?" అన్నాడు. లేదన్నాను. అనుమానం పాపమని చెప్పే పాఠం మళ్లీ చదువుకొమ్మని పంపించాడు.

మతం పేరున మొండితనం ఎందుకు పెరుగుతోందని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. రాజకీయం అంటారు, ఫోన్లు అంటారు. కావచ్చు. నాకు బాగా తెలిసింది మాత్రం ఆ వాకిలి. నవ్వులపాలైన సిగ్గును నేను దేవుడి పేరు వెనక దాచుకున్నాను. కొన్నేళ్లకు మహబూబాబాద్ బస్టాండులో మామ కొడుకు కలిశాడు. "మీ యాట కోయనీకి కూడ సాయిబు గావాల్నా అని గనికాడ మా రూముల అందరు నవ్వేటోళ్లు బావా," అన్నాడు. "ఆయాల నువ్వు గట్ల జేస్తివి. ఇగ నాకు తొవ్వ దొరికింది." వాళ్లు అతనికి నూరిపోసినవి కూడా చెప్పాడు. పేర్లు మారిస్తే అవి నేను విన్న మాటలే.

తొట్టెల తర్వాత ఆ ఇంటి నుంచి అబ్బాకు పిలుపు రాలేదు. మెల్లగా మిగతా ఇళ్లవాళ్లూ మానుకున్నారు. అయినా ఆయన ఆ ఇంట్లో శుభకార్యమైన రోజు మాత్రం పొద్దున్నే స్నానం చేసి అరుగు మీద కూర్చునేవాడు.

పోయిన వేసవిలో మామ కొత్త ఇల్లు కట్టి, తనే వచ్చి పిలిచాడు. "రా బావా, నీ చెయ్యి పడాలె." అబ్బా కత్తి నూరుకుని నాకన్నా ముందు నడిచాడు. అక్కడికి పోతే పొయ్యిల మీద రెండు గంజులున్నాయి. ఒకటి అప్పటికే ఉడుకుతోంది.

"కొడుకు ఒకటి వాని తీరుగ చేయించిండు," అన్నాడు మామ, నేల చూస్తూ. "గిది నీది బావా."

అబ్బా దేవుడి పేరు పలికి, మిగిలిన ఒక్క యాటను కోశాడు.

బంతిలో వడ్డించే కుర్రవాళ్లు ఒక్కొక్కరినీ ఏ కూర అని అడుగుతున్నారు. జవాబు చెప్పే ముందు మనుషులు పక్కవాళ్ల విస్తరి చూసుకుంటున్నారు. అబ్బా తనకు పప్పు చాలన్నాడు.

"నువ్వు కోసింది నువ్వే తినకుంటె ఎట్ల?" అన్నాడు మామ.

"గీ ఇంట్ల ఎప్పుడు కోసినా అందరికి కోసిన బావా. ఇయ్యాల సగం మందికి కోసిన. బుక్క దిగుతలేదు."

నా విస్తట్లో అప్పటికే ఆయన కోసిన కూర పడింది.