అన్న బూట్లకు పారాణి

నిజాం పాలన చివరి రోజులవి. నాకు పదేళ్లు. మాదాపూర్ నుంచి కూకట్‌పల్లికి మా అన్న పెళ్లిచూపులకు వెళ్లాలి. అందుకని పట్నంలోని దోస్తు దగ్గర ముదురెరుపు బూట్లు అడిగి తెచ్చుకున్నాడు. ముందురోజు ఎవరూ చూడకుండా వాటిని తొడుక్కుని వాకిట్లో తిరుగుతూ బండకు తట్టుకుని పడ్డాను. రెండు బూట్ల ముందువైపూ రంగు గీరుకుపోయింది. భయంతో అమ్మ పారాణి తెచ్చి గీతల మీద దట్టంగా పూసి, ఆరాక మైనం రుద్దాను. కొత్తవాటిలా మెరిశాయి.

మర్నాడు అమ్మతో నేనూ బయల్దేరాను. దారిలో వాన పట్టుకుంది; బూట్లు లోపలిదాకా నానిపోయాయి. ఆడపిల్లవాళ్ల ఇంట్లో అన్న, బూట్లు గడప బయట విడిచి, తెల్ల మేజోళ్లతో, పరిచిన దుప్పటి మీద నడిచాడు. వెనకాలే ఎర్రటి అడుగులు పడ్డాయి.

"నెత్తురు!" అని పిల్ల నాయనమ్మ కేక పెట్టింది.

ఊళ్లలో చంపుకోవడాల కబుర్లు రోజూ వింటున్న కాలం. పిల్ల తండ్రి తలుపు గొళ్లెం పెట్టాడు. మేనమామలిద్దరూ కర్రలందుకున్నారు.

"ఎవర్ని కొట్టొచ్చినవ్‌రా? నిజం చెప్పు!" అన్నాడు తండ్రి.

నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. అన్న తన కాళ్లకేసి చూసుకున్నాడు. తర్వాత ఎర్రబడిన నా వేళ్లను చూశాడు.

"పారాణి మామా. బూట్లు గీసుకపోతె నేనే పూసిన," అన్నాడు.

తలుపు తెరిచారు. "పారాణి పూసుకొచ్చినోనికి మా పిల్లనియ్యం. పోండ్రి," అన్నారు.

అన్న నన్నెప్పుడూ ఒక్క మాట అడగలేదు. పోయినేడు కాలం చేశాడు. ఆ ఇంటివాళ్లెవరైనా ఇది చదివితే చెబుతున్నాను. ఆ పారాణి పూసింది మా అన్న కాదు, నేను.