బ్రేకుల బాబాయి ఊరు చూసిన రోజు

డిపోలో అందరూ ఆయన్ని బ్రేకుల బాబాయి అనేవారు. ఆయన బ్రేకు వేస్తే వెనక సీట్లో నిద్రపోతున్న పసిపిల్ల కూడా కదలదని ఆ పేరు. రాత్రంతా బస్సు నడిపి తెల్లారేసరికి మహానగరం చేరడం, సిబ్బంది గదిలో ఒళ్లు తెలియకుండా పడుకోవడం, సాయంత్రం మళ్లీ వెనక్కి. పెళ్లయిన కొత్తలో మొదలైన ఈ రాకపోకలు తల నెరిసినా మారలేదు.

ఆ రోజు డిపోలోకి వస్తూనే గేరుబాక్సు మొరాయించింది. మెకానిక్ బస్సు కిందనుంచి తల బయటపెట్టి, "రేపటిదాకా కదలదు బాబాయ్" అన్నాడు. పడుకుందామని వెళ్తే గదికి రంగులు వేస్తున్నారు. మంచాలన్నీ వరండాలో ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

ఇంటికి ఫోన్ చేశాడు. "ఇవాళ రానే. ఊరు చూసొస్తా."

"ఇన్నేళ్లూ చూసిందేంటి మరి?" అంది భార్య.

"డిపో గోడ."

ఆవిడ పకపకా నవ్వింది. "సరే, తప్పిపోకు!"

యూనిఫాం చొక్కా మార్చుకుని, ముందుగా వచ్చిన సిటీబస్సు ఎక్కేశాడు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు దానంతటదే నేలను తొక్కుతోంది. "కాలు పట్టేసిందా అండీ?" అని పక్కనున్నామె అడిగితే సిగ్గుతో ముడుచుకున్నాడు. ఎక్కువమంది ఎక్కడ దిగితే అక్కడే తనూ దిగాడు.

కళ్లద్దాల కొట్లు, తాళాలు బాగుచేసేవాళ్లు, కిటికీల్లో ఆరేసిన బట్టలు. ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ నిలబడి చూశాడు. వెనకనుంచి హారన్ కొట్టేవాడు లేడు! అలా నడుస్తూ నడుస్తూ క్లాక్ టవర్ దగ్గరకొచ్చి, ఏమనుకున్నాడో ఏమో, ఎక్కడం మొదలుపెట్టాడు.

సగం దారిలో ఒక ముసలావిడ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని మెట్టుమీద కూలబడి ఉంది.

"పైకి పోలేను, కిందికి చూడలేను నాయనా."

"తోడెవరూ రాలేదా అమ్మా?"

"తోడొస్తే ఎక్కనిస్తారా? 'ఈ వయసులో మీరెక్కలేరత్తయ్యా' అంది మా కోడలు. ఆ మాట పడ్డాక ఊరుకుంటానా?"

ఆయన నవ్వు ఆపుకున్నాడు. "నేను బస్సు డ్రైవర్నమ్మా. కిందికి చూడకుండా నా వీపు చూస్తూ రండి. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతా."

"టికెట్ కొట్టవు కదా?" అంటూ లేచిందావిడ.

పైన గాలి విసురుగా కొడుతోంది. ఊరంతా కాళ్లకింద పరుచుకుంది. రేకుల కప్పులను బట్టి డిపోను పోల్చుకున్నాడు. తెల్లారి తన బస్సులోంచి కళ్లు నులుముకుంటూ మూటాముల్లెతో దిగిపోయేవాళ్లంతా ఈ సందుల్లోకే, ఈ కిటికీల వెనక్కే వెళ్తారన్నమాట. వాళ్లు ఎటు పోతారో ఆయన ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు.

ఈలోగా ముసలావిడ ఫోన్ తీసి కోడలికి కలిపింది. "డాబా మీదికి రావే. ఇంకా పైకి చూడు... గడియారం దగ్గర!"

దూరంగా ఒక డాబామీద చిన్న ఆకారం కనిపించింది. అటూ ఇటూ చూసి, తీగమీది దుప్పటి లాగి ఊపడం మొదలుపెట్టింది.

"నువ్వూ ఊపు నాయనా, సిగ్గెందుకు!"

ఆయన జేబురుమాలు తీసి చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాడు.

కిందికి దిగేసరికి కోడలు రొప్పుతూ ఎదురొచ్చింది. కాళ్లకు రెండు వేర్వేరు చెప్పులు. "నా ప్రాణం తీశారు కదత్తయ్యా!" అని వాటేసుకుని ఏడ్చేసింది. తర్వాత ఆయనవైపు తిరిగి, "అన్నం తినకుండా వెళ్తే ఊరుకోను అన్నయ్యా" అంది. తిన్నాక వాళ్ల వసారాలో కుర్చీలోనే కునుకు పట్టింది. పొద్దు వాలేదాకా ఎవరూ లేపలేదు.

సాయంత్రం ఇదంతా భార్యకు ఫోన్లో చెప్పాడు. అంతా విని ఆవిడ మెల్లగా, "నన్నెప్పుడు ఎక్కిస్తావు?" అంది.

అంతవరకు జ్వరాలకూ చావులకూ తప్ప ఆయన సెలవడిగి ఎరగడు. మర్నాడు మేనేజరు, "ఒంట్లో బాగాలేదా?" అని కంగారుపడ్డాడు.

"బాగానే ఉందండీ. మా ఆవిడకి ఊరు చూపించాలి."

చూపించాడు కూడా. మెట్ల మధ్యలో ఆయాసంతో కూలబడింది మాత్రం ఆయనే.