గొంతు కోసం ఒప్పుకున్న పాపాలు

మా కాలంలో పదమూడేళ్ల కుర్రవాడికి దిగులు పట్టుకుంటే పెద్దలు ముందు ఆముదం పట్టేవారు. అన్నం సయించకపోతే ఆముదం, నిద్ర రాకపోతే ఆముదం. (దిష్టి అనే మాట మాత్రం, మాది క్రైస్తవుల ఇల్లు కాబట్టి, మా అవ్వ గుసగుసగానే అనేది.) నీ భయం ఏమిట్రా అని అడిగే తీరిక ఎవరికుంది? అందుకే పంతొమ్మిది వందల యాభైల్లో, మద్రాసులోని చూలై పేటలో, నా దిగులుకు నేనే వైద్యం చేసుకోబోయి వీధి వీధంతా గగ్గోలు పెట్టించాను.

మా తెలుగు చర్చిలో క్రిస్మస్ పాట ఒక్కడినే పాడే గౌరవం మూడేళ్లుగా నాదే. హార్మోనియం వాయించే మా మేనమామ నాది తేనె గొంతని అందరికీ చెప్పుకునేవాడు. ఆ డిసెంబరులో, పండుగ పది రోజులుందనగా, సాధనలో పై స్వరం అందుకోబోతే నా నోట్లోంచి మేక అరిచింది. ముందు బెంచీ ఆడపిల్లలు ఓణీల్లో మొహాలు దాచుకున్నారు. మళ్లీ పాడితే ఈసారి కప్ప. "ఏందిరా, ఐసు తిన్నావా?" అన్నాడు మామ. ఐసయితే బాగానే ఉండేది! కిందటి వారమే ప్రార్థన కూటాలకు వచ్చిన ప్రసంగీకుడు, దాచిన పాపమున్నవాడి పాట దేవుడి దాకా పోదనీ, ఎవరికి చేసిన తప్పు వారి దగ్గరే ఒప్పుకోవాలనీ గర్జించి వెళ్లాడు. నా పాట గుమ్మం కూడా దాటడం లేదు. దేవుడు నన్ను వదిలేశాడనుకున్నాను.

మర్నాడే మొదలుపెట్టాను. పక్కింటి పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, మీ జాడీలోంచి రెండు ఆవకాయ ముక్కలు దొంగిలించానన్నాను. "రెండేనా? జాడీ సగానికి పోయిండాదే!" అంటూ ఆవిడ మెల్లగా పెద్దనాన్న వైపు తిరిగింది. పేపరు వెనక ఆయన తల ఇంకాస్త కిందికి జారింది. పాడి చూశాను, మేకే. ఇంటికి వచ్చి నాన్నతో, "శనివారం అన్న ప్రార్థనకు పోయినాడని అబద్ధం చెప్పినాను, సినిమాకు పోయినాడు" అన్నాను. (మా ఇంట్లో సినిమా అంటే నరకానికి టికెట్టే.) అన్నకు బెల్టు దెబ్బలు, నాకు అన్న మొట్టికాయలు. పాడాను, కప్ప. బడిలో డ్రిల్లు మాస్టారి విజిల్లో మిరియాల పొడి పోసింది నేనేనని చెప్పాను. పాపం, అప్పటిదాకా ఆయన తన తుమ్ములు జలుబు వల్లేననుకుంటున్నాడు. చేతులు వాచాయి గానీ గొంతు మాత్రం రాలేదు.

ఇక మిగిలింది అసలు పాపం. మాకు ఆదివారం బడి చెప్పే బైబిలు అత్త, గొడుగు లేకపోతే వానలో రాలేదు, పాఠం తప్పుతుందిలే అని, ఆమె గొడుగు చర్చి తెర వెనక దాచాను. ఆవిడ తడుస్తూనే వచ్చి పాఠం చెప్పి, మూడు రోజులు జ్వరంతో పడుకుంది. వెళ్లి ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"గొడుగు ఆడుండాదా! బస్సులో పోయిందని ఆ కండక్టరుతో జగడం పెట్టుకున్నానే! సరి, ఇప్పుడెందుకు చెప్తా ఉండావు?"

"దేవుడు నా గొంతు తీసేసుకున్నాడత్తా."

"ఏదీ, పాడు."

పాడాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగక కుర్చీ ఊగిపోయేలా నవ్వింది. "పిచ్చోడా! దేవుడికి నీ మీద కోపం రాలేదురా, నీకు మీసం వస్తా ఉండాది! మీ మామకూ ఇట్టనే అయింది, పెళ్లిలో పాడతా పాడతా పిల్లి మాదిరి కూసినాడు." తర్వాత నా తల నిమిరి, "సుమ్మా ఊరికే ఏడవబాక. ఆయన మన నాయనరా, పోలీసు కాదు. భయమైతే ఊరంతా తిరగబాక, ఆయనతోనే చెప్పుకో, ఉన్నదున్నట్టు" అంది. ఇద్దరం మోకరించాం. నా ఆమెన్ రెండు ముక్కలై బయటపడింది. అత్తకు మళ్లీ నవ్వు, ఈసారి నాకూ. ఎన్నాళ్లకో ఆ మధ్యాహ్నం అత్త ఇంట్లోనే కడుపునిండా అన్నం తిన్నాను.

పండుగనాడు ఆ పాట మా చెల్లెలు పాడింది. నేను మగవాళ్ల వరుసలో నిలబడి, గొంతు ఎటు పోతే అటు పోయాను.

ఈమధ్య మా మనవడికి గొంతు మారింది. బెదిరిపోతాడేమోనని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పబోతే, "తెలుసులే తాతా, సైన్సు పుస్తకంలో ఉంది" అని వెళ్లిపోయాడు. మంచిదే. నా దిగుళ్లే ఇప్పుడు ఏ పుస్తకంలోనూ లేవు. బైబిలు అత్తా లేదు. పొద్దున్నే లేచి అవన్నీ దేవుడితో ఉన్నదున్నట్టు చెప్పుకుంటాను. సగం చెప్పేసరికి నాకే నవ్వొస్తుంది.