బావిలోకి దించిన ఇంజను

మొన్న కోరుట్లలో ఒక పెళ్లికి పోయి మూడోసారి మటన్ వడ్డించుకుంటున్నాను. ఇంట్లో షుగరు మాత్రలు మింగేదీ నేనే, పెళ్లిళ్లలో బొక్కలు కొరికేదీ నేనే. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి, ఫంక్షన్ హాలు వెనక జనరేటర్ మొదలైంది. మే నెల ఎండ, దాని మీద గుప్పున డీజిల్ పొగ. ప్లేటు అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను. నాకు తిండి మీద అదుపు వచ్చిందనుకుని మా ఆవిడ పెళ్లైన ఇన్నేళ్లకు మొదటిసారి నన్ను గౌరవంగా చూసింది. దొరికిన గౌరవాన్ని ఎందుకు పోగొట్టుకోవాలని నోరు మూసుకున్నాను. అసలు సంగతి వేరు. డీజిల్ పొగ వాసన తగిలితే నాకు ముద్ద దిగదు. ఆ వాసనలో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఒకరు నాకు పని నేర్పిన నర్సయ్య ఉస్తాద్. రెండో ఆయన గంగారెడ్డి అన్న, నా చేతి పని వల్ల పోయిన మనిషి.

ఏడో తరగతి నన్ను రెండేళ్లు ఉంచుకుని సాగనంపింది. ఆ తర్వాత నాకు దొరికిన బడి, కోరుట్లలో ఉస్తాద్ నడిపే డీజిల్ ఇంజన్ల షాపు. ఆయన సిరిసిల్ల మనిషి. వయసులో అక్కడ సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు, తర్వాత గల్ఫ్‌కు పోయి నూనె బావుల దగ్గర ఏడేళ్లు పని చేశాడు. స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజనుకు, ఇంకో కొన చెవికి ఆనించి, లోపల ఏం అరిగిందో చెప్పేవాడు. పొగ రంగు చూసి ఇంజను జబ్బు చెప్పేవాడు. ఇన్ని తెలిసిన మనిషికి ఒక చాదస్తం ఉండేది. పరీక్ష అయిపోయిన ఇంజను ఒక్క నిమిషం కూడా ఊరికే నడవకూడదు. ఒకసారి ఇంజను ఆపకుండా అన్నం తినడానికి కూర్చున్నాను. ఆయన లేచి వెళ్లి ఆపి వచ్చాడు.

“డీజిలు మనది గాదు గదా ఉస్తాద్, రైతుది” అన్నాను.

“డీజిలు రైతుది. పొగ అందరిది” అని తన సద్ది విప్పుకున్నాడు.

అవి నక్సలైట్ అన్నల కాలపు రోజులు. అడవిలో వాళ్లు, రోడ్డు మీద పోలీసులు. పొద్దు గుంకిన తర్వాత బయట కనిపించినవాడు ఇద్దరికీ అనుమానమే. బావులకు కరెంటు మాత్రం రాత్రిపూటే వచ్చేది. మోటారు వేయడానికి పోయిన రైతు తిరిగి ఇంటికి వస్తాడన్న నమ్మకం లేదు. అందుకని గల్ఫ్‌లో అన్నో తమ్ముడో ఉన్న ప్రతి ఇంటివాళ్లూ డీజిల్ ఇంజను కొన్నారు. పగలంతా పెగడపల్లి నుంచి మేడిపల్లి దాకా ఏ చేను గట్టు మీద నిలబడినా అదే చప్పుడు, అదే పొగ. మాకు చేతినిండా పని.

ఒకరోజు ఉస్తాద్, నేను డీజిల్ క్యాన్ సైకిల్‌కు కట్టుకుని పోతుంటే పోలీసులు ఆపారు.

“ఎవల బస్సు తగలవెడ్తానికి పోతున్నర్రా?” అన్నాడు ఒకతను.

“మా ఊరికి బస్సే రాదు సార్. వస్తెగదా తగలవెట్టేది” అన్నాను.

చెంప పగిలింది. ఉస్తాద్ చేతులు జోడించి, పనిముట్ల సంచిలోని పానాలు చూపించి, ఎట్లాగో నన్ను విడిపించుకు వచ్చాడు. ఊరు దాటిన తర్వాత మెల్లగా అన్నాడు: “నీ నోరు జోరును ఆపే గవర్నర్ ఊడిన ఇంజనురా సత్తీ. ఎంత తిరుగుతదో దానికే తెల్వది. ఏదో ఒకనాడు పగులుతది.”

గల్ఫ్ సంగతులు చెప్పమంటే అందరూ బంగారం గురించి, ఎడారి గురించి చెప్తారు. ఉస్తాద్ మంట గురించి చెప్పేవాడు. నూనెతో పాటు వచ్చే గ్యాసును అక్కడ గొట్టం చివర కాల్చేసేవారట. పగలూ రాత్రీ ఆరని మంట. ఆ పొగంతా ఎటు పోతుందని ఈయన అడిగితే, పక్కన పనిచేసే మలయాళీ ఇంజనీరు కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడట. నేను నమ్మలేదు.

“గింత పొగకు గంత ఆకాశం వేడెక్కుతదా ఉస్తాద్? చుట్ట తాగితె ఇల్లు కాలినట్టున్నది.”

“నవ్వకు. గొంగడి కప్పుకుంటవు గదా, గొంగడి మంట వెడ్తదా? పెట్టది. నీ ఒంటి వేడిని బయటికి పోనియ్యది. గంతే. ఎండ భూమి మీద వడ్డంక ఆ వేడి మల్ల మీదికి పోవాలె. బొగ్గు కాలిస్తె, నూనె కాలిస్తె కండ్లకు కనవడని గాలి ఒకటి పుడ్తది. అది అడ్డం వడ్తది. నల్ల పొగ వానకు కొట్టుకపోతది. కనవడంది మాత్రం మన మనుమల కాలం దాంక మీదనే ఉంటది. భూమి లోపల లక్షల ఏండ్ల సంది మూసివెట్టిన దాన్ని మనం తోడి తోడి కాలుస్తున్నం. ఎండలు ముదురుతయి, వానలు కుదురు తప్పుతయి.”

“మరి మనం షాపు బంద్ వెట్టి బజ్జీల కొట్టు వెట్టుకుందామా?”

ఆయన నవ్వలేదు. “అవసరమున్నంత కాలుద్దాం అంటున్న. ఉత్తగ కాల్చద్దు అంటున్న” అన్నాడు.

ఆ ఏడు వాన సగంలోనే మొహం చాటేసింది. మేడిపల్లి పక్క ఊళ్లో గంగారెడ్డి అన్న బావిలో నీళ్లు అడుగుకు దిగాయి. ఇంజను పైన ఉంటే అంత లోతు నుంచి నీళ్లు గుంజలేదు. అట్లాంటప్పుడు మా వైపు రైతులు బావి లోపల సగం లోతున ఉన్న రాతి అరుగు మీదికి ఇంజనునే దించేవారు. ఉస్తాద్ దీనికి సులభంగా ఒప్పుకునేవాడు కాదు. పొగ గొట్టం బావి అంచు దాటి బయటికి రావాలి, ఇంజను నడిచేటప్పుడు లోపలికి ఎవరూ దిగకూడదు, ఈ రెండూ కుదిరితేనే పని. ఆయన సిరిసిల్లలో బంధువుల ఇంట చావుకు పోయిన రోజు గంగారెడ్డి అన్న నా దగ్గరికి వచ్చాడు.

“పసుపు పంట ఆకులు సుట్టుకపోతున్నయిరా సత్తీ. దుబాయిల మా తమ్ముడు కష్టపడి కొనిచ్చిన ఇంజను, నీళ్లకు అందక మూలకు వడ్డది. ఉస్తాద్ వచ్చేదాంక ఆగితె చేను మిగలది.”

మొదటిసారి ఒకరు నన్ను మెకానిక్‌గా పిలిచారు. పోయాను. గిలక కట్టి, అన్న తాడు పట్టగా, ఇంజను దించాను. గొట్టం నాలుగు అడుగులు తక్కువ పడింది. అన్నలు బంద్ పిలుపు ఇవ్వడంతో కోరుట్లలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. గొట్టం చివర బావిలోనే ఆగిపోయింది.

“గిది సరిపోతదారా?” అని అడిగాడు.

“గా నాలుగడుగులు పొగే నడుసుకుంట పోతది అన్నా. దానికేమన్న కాళ్లు నొస్తయా?” అన్నాను.

గంగారెడ్డి అన్న పెద్దగా నవ్వాడు. వాళ్ల ఆవిడ లక్ష్మి వదినె అప్పుడు తల్లిగారింట్లో ఉంది.

మూడో రోజు బెల్టు జారింది. ఇంజను ఆపకుండానే ఆయన మెట్లు దిగాడు. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు, అలసి నిద్రపోయినట్టు. ఆ పొద్దున్నే తల్లిగారింటి నుంచి వచ్చిన వదినె పైనుంచి పిలిచింది, అరిచింది. ఎవరో సగం దాకా దిగి, తల తిరిగి వెనక్కి వచ్చారు. ఇంజను డీజిల్ అయిపోయి ఆగాక, గాలి ఆడేదాకా ఉండి, తాళ్లు కట్టి పైకి తీసేసరికి ఏమీ మిగల్లేదు.

కబురు తెలిసి మేము పోయేసరికి పోలీసులు గట్టు మీద ఉన్నారు. “ఎవడు దించిండు ఇంజను?” అని అడిగారు. నాకు నోరు తెరవడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ రోజు మాత్రం ఉస్తాద్ వెనక్కి జరిగాను. ఉస్తాద్ నన్ను ఒకసారి చూసి, ముందుకు పోయి, “నేనే సార్” అన్నాడు. ఆ మాట లక్ష్మి వదినె చెవిన పడింది. పిడికెడు మన్ను తీసి ఆయన ముఖాన కొట్టింది. ఆయన తుడుచుకోలేదు.

మూడు రోజులు స్టేషన్‌లో ఉంచారు. కుంటుకుంటూ వచ్చాడు. ఎందుకట్లా చెప్పావని ఏడిచాను.

“నీది అన్నల్ల గలిసే వయసు. నిన్ను తీస్కపోతె ఎన్‌కౌంటరని పేపర్ల వస్తవు. నన్ను తీస్కపోతె ఇంటికి వస్త” అన్నాడు.

కాలు నయం కాకముందే నన్ను వెంటేసుకుని ఊరూరా తిరిగాడు. కోనరావుపేట దాకా, ఎక్కడ బావిలో ఇంజను ఉందంటే అక్కడికి పోయాం. పొట్టి గొట్టాలకు ముక్కలు అతికించాం, వినని వాళ్లతో తిట్లు తిన్నాం. ఒక బావి అంచున కూర్చుని బీడీ కూడా ముట్టించకుండా అన్నాడు: “గంగారెడ్డి బాయికి సుట్టు గోడలున్నయి, గందుకే మూడొద్దులల్ల తెలిసింది. గక్కడ మనిషిని తీసింది ఒక విషపు గాలి, మీద ఆకాశంల చేరేది వేరే గాలి. కని రెండూ ఒక్క గొట్టంలకెల్లే వస్తున్నయి. ఆకాశానికి గోడలు కనవడయి. గందుకే మనకు భయం లేదు.”

ఇరవై ఏళ్ల తర్వాత ఒక వేసవిలో, పని నుంచి వస్తూ ఉస్తాద్ రోడ్డు పక్కన కూలిపోయాడు. వడదెబ్బతో పోయాడన్నారు జగిత్యాల ఆసుపత్రిలో. ఒక్క చావును చూపించి ఇది ఫలానా పొగ వల్ల అనలేమని ఆయనే చెప్పేవాడు. నేనూ అనను. కానీ ఆ వేసవి ఎండ ఆయన చెప్పినట్టే ముదిరింది.

ఇప్పుడు నేను బోరు మోటార్లు బాగు చేస్తాను. అవి నడిచే కరెంటు ఎక్కడో బొగ్గు కాలితేనే వస్తుంది, ఆ సంగతి తెలియక కాదు. నేను మహాత్ముణ్ణి కాను. ఆయన నుంచి నాకు మిగిలింది ఒక ప్రశ్న. ఏ యంత్రం ముందు నిలబడినా, దీని పొగ ఎటు పోతుంది, ఎవరు పీలుస్తారు అని అడగకుండా చేయి కదలదు. నా జోకులకు జనం నవ్వినప్పుడల్లా గంగారెడ్డి అన్న నవ్వు కూడా వినబడుతుంది.

ఉస్తాద్ దినాల భోజనంలో ఎవరో అన్నారు: “మంచోడే గని, గంగారెడ్డి పానం దీసిండు.” విస్తరి ముందు నుంచి లేచాను. మరునాడు పొద్దున్నే మేడిపల్లి వైపు పోయాను. లక్ష్మి వదినె వాకిట్లో పసుపు కొమ్ములు ఏరుతోంది. నిలబడే చెప్పాను. ఇంజను దించింది నేనని, గొట్టం తక్కువైంది నా చేతిలోనేనని, ఆయన నా కోసం అబద్ధం చెప్పాడని.

ఆమె చేతిలోని కొమ్మును కింద పెట్టింది. “గా మనిషి ముఖాన మన్ను గొట్టిన గదరా” అంది. “ఇరవై ఏండ్లు ఎదురువడ్డప్పుడల్లా ముఖం తిప్పుకున్న. ఒక్కనాడన్న జెప్పకపోయె.”

ఏదన్నా తిడుతుందేమోనని ఎదురు చూశాను. తిట్టలేదు. ఆమె మళ్లీ కొమ్ములు ఏరడం మొదలుపెట్టింది. నా నోరు మళ్లీ తిరిగింది.

“అప్పుడు అందరు గట్లనే దించిన్రు వదినె. నేనొక్కన్నే గాదు.”

ఆమె తలెత్తి నన్ను చూసింది.

“అందరు దించిన్రని, మీ అన్న పీల్సిన పొగ ఏమన్న తక్కువైందా సత్తీ?”