వరుస మధ్యలో పరిగెత్తిన జుబేదా ఆపా

మామిడి కాలం వచ్చిందంటే చిత్తూరు బైపాసు మీద తెల్లవారుజాము గాలి తీయగా, కొంచెం పులిసిన వాసన వేస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీల వెనక తొక్కలూ టెంకలూ కుప్పలుగా పడి ఉంటాయి. నిన్న ఫజర్ నమాజు ముగించుకొని, బూట్లు కట్టుకొని రోడ్డెక్కిన నాకు ఆ వాసన తగలగానే కాళ్లు వాటంతట అవే నెమ్మదించాయి. పక్కన జుబేదా ఆపా ఆయాసపడుతూ పరిగెత్తుతున్నట్టే అనిపించింది. ఆపా పోయి రెండేళ్లయింది. ఆమె మంచితనం గురించి చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు. నేను చెప్పవలసింది వేరు. నా జీవితంలో నేను ఎక్కువగా అసూయపడింది ఆమెను చూసే.

నేను మదరసాలో ఏడేళ్లు చదివాను. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా వీధి ఆడవాళ్లు మా ఇంట్లో కూర్చుంటే మా మతం గురించి దీన్ పాఠం చెబుతాను. ఆపా మూడో తరగతితో చదువు ఆపేసి కుట్టుమిషన్ పట్టుకున్న మనిషి. పాఠానికి వచ్చి తలుపు దగ్గరే కూర్చునేది. చెవిటి పిల్లల బడికి యూనిఫారాలు కుట్టి ఇచ్చేది. కొలతలు తీసేటప్పుడు చెయ్యెత్తమంటే వినపడక పిల్లలు ఆమె ముఖంకేసి చూస్తూ నిలబడేవారట. వాళ్లకు వినికిడి మిషన్లు కొనివ్వాలని ఆమె మనసులో పడింది. తిరుపతిలో మారథాన్ పరిగెత్తి విరాళాలు పోగుచేస్తారని ఎవరో చెప్పారు. అంతే, నలభై ఎనిమిదేళ్ల వయసులో సల్వార్ కమీజు మీద స్కార్ఫు బిగించి, కాన్వాసు బూట్లు తొడుక్కొని బైపాసు మీద పరుగు మొదలుపెట్టింది. మొదటి వారం టీ బంకు ఆయన నవ్వాడు. "ఏమత్తా, బస్సు పోయిందా? అట్ల పరిగెత్తతా ఉండావు." ఆపా ఆగలేదు. "పోతే పోనీలే అబ్బా. తిరుపతికి దానికంటే ముందు నేనే చేరతా," అంది. నెల తిరిగేసరికి ఆ బంకాయనే మాకు చెంబుతో నీళ్లు పెట్టేవాడు. అప్పటికి ఆమె కాక మేం ఐదుగురం చేరాం. ఇడ్లీల బండి నడిపే మునెమ్మ కూడా అందులో ఉంది.

పిల్లల మీద దయతో చేరానని అందరికీ చెప్పుకున్నాను. నిజం అది కాదు. నా పాఠం అయ్యాక ఆడవాళ్లు నా దగ్గరకు కాకుండా తలుపు దగ్గరకు వెళ్లేవారు. "ఆపా, మా పిల్లకు పరీక్షలు, దువా చెయ్యి." "ఆపా, మా ఇంటాయనకు ఒంట్లో బాగలేదు, దువాలో గుర్తు పెట్టుకో." గ్రంథం నా చేతిలో ఉంటే దువా ఆమెను అడిగేవారు. మా అత్తగారు సైతం ఫోనులో ఆపా పరిగెత్తే ఫోటో పెట్టుకుంది. అసూయ పాపమని ఆ ఆడవాళ్లకు చెప్పింది నేనే. దాన్ని నా గుండెలో నుంచి తీసెయ్యమని ఉపవాసాలుండి అల్లాహ్‌ను వేడుకున్నాను. మర్నాడు పొద్దున ఆమె ముఖం చూడగానే మళ్లీ రగిలేది. ఆమె చేసే పనిలో ఆమెను గెలవలేను కనక పరుగులోనైనా గెలుద్దామనుకున్నాను.

ఆపా ఎప్పుడూ ముందు పరిగెత్తేది కాదు. సర్వీసు రోడ్డులో ఆరుగురం వరుసగా సాగితే ఆమె మధ్యలో ఉండేది. అటువైపు ఎవరికి ఊపిరి అందకపోయినా, ఇటువైపు ఎవరికి బూటు కరిచినా ఆమెకు తెలిసేది. "ఉండండమ్మా, మునెమ్మకు మోకాలు పట్టేసినట్టుండాది," అని అందరి వేగం తగ్గించేది. తనకు చేతకాకే ఇలా ఆపుతోందని నేను లోపల అనుకొనేదాన్ని.

మామిడి మండీ నడిపే చెంగల్రాయ నాయుడు మాకు ఒక మాటిచ్చాడు. తిరుపతి హాఫ్ మారథాన్‌లో గేటు మూసేలోగా గీత దాటిన ఒక్కో మనిషికి ఒక్కో బిడ్డకు వినికిడి మిషన్ కొనిస్తానన్నాడు. మేం ఆరుగురం, బడిలో ఆరుగురు పిల్లలు. ఆ ఉదయం పరుగు మొదలయ్యే ముందు ఆపా నన్ను పక్కకు పిలిచింది. "షమీమా, మునెమ్మ పక్కన నువ్వుండు. నీ మాటంటే దానికి గురి." సరేనన్నాను. సగం దాటాక అలిపిరి వైపు మలుపులో, మా ఊరి నుంచి వచ్చిన కుర్రకారు అట్టముక్కలు పట్టుకొని "జుబేదా ఆపా, జుబేదా ఆపా" అని కేకలు పెట్టారు. ఆరుగురిలో ఒక్క పేరే. అదే సమయానికి మునెమ్మ మోకాలు పట్టుకొని, "నువ్వు పో టీచరమ్మా, నేను మెల్లిగా వస్తా," అంది. ఆ మాట కోసమే కాచుకొని ఉన్నట్టు వెళ్లిపోయాను. వరుసను, ఆపాను దాటి, వెనక్కి చూడకుండా పరిగెత్తాను. మా వాళ్లలో మొదట గీత దాటింది నేనే. తర్వాత ముగ్గురు వచ్చారు. గేటు మూసేశారు. చాలాసేపటికి మునెమ్మ చెయ్యి తన భుజం మీద వేసుకొని ఆపా నడుచుకుంటూ వచ్చింది. రెండు మిషన్లు పోయాయి. ఆపా నా మెడలో పతకం చూసి, స్కార్ఫు కొసతో నా ముఖం తుడిచింది. "బాగా పరిగెత్తినావమ్మా," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. మర్నాడు పేపర్లో ఫోటో వేశారు. మధ్యలో నేను. దాన్ని కత్తిరించి దాచుకున్నాను కూడా.

శుక్రవారం పాఠానికి ఆపా ఎప్పటిలాగే వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. అందరూ వెళ్లాక అడిగాను, "ఆపా, నీకు బలముంది. నువ్వెందుకు ముందు పరిగెత్తవు?" ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వే కదమ్మా చెప్పినావు? ఆడోళ్లు మాత్రమే జమాత్‌గా కలిసి నమాజు చేస్తే, చదివించే మనిషి మగోళ్ల ఇమాము మాదిరి ముందర నిలబడకూడదు, వరుస మధ్యలోనే నిలబడాల అని. ఆడోళ్లం కలిసి ఏం చేసినా అంతే అనుకున్నా. తప్పా?"

అది నమాజుకు సంబంధించిన నియమం. రోడ్డు మీద పరుగుకు అలాంటిదేమీ లేదు. నా చదువు ప్రకారం ఆమె పొరబడింది. నేను చెప్పి మరచిపోయిన పాఠాన్ని ఆమె తెలియక రోడ్డు మీదికి కూడా తీసుకుపోయింది. "తప్పు కాదు ఆపా," అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. నిజం చెప్పాలంటే, ఇంత అందమైన పొరపాటు నాకు జరగలేదే అని ఆ క్షణంలో కూడా అసూయపడ్డాను. మునెమ్మను కావాలనే వదిలేశానని చెప్పేశాను. "తెలుసులేమ్మా," అంది ఆపా. "అది మళ్లీ పరిగెత్తాల. తోడుండు."

ఇద్దరం నాయుడి మండీకి వెళ్లాం. "ఊరికే ఇస్తా తీసుకోండి ఆపా, నేను వద్దన్నానా?" అన్నాడాయన. "ఊరికే వద్దులే అన్నా. తన వల్లే పోయినాయని మునెమ్మ బండి కాడ ఏడస్తా ఉండాది. ఆ యమ్మ గీత దాటాల," అంది ఆపా. ఆరు వారాల తర్వాత మా బైపాసు మీదే సున్నంతో గీత గీశారు. అంతే దూరం, అంతే సమయం. మునెమ్మ పక్కన నేను, ఆమెకు అటువైపు ఆపా. చివరి కిలోమీటరులో మునెమ్మ అడుగులు చిన్నవైపోయాయి. నా కాళ్లలో ఇంకా బలముంది, ముందుకు దూకాలని లాగుతున్నాయి. పళ్లు బిగబట్టి ఆమె అడుగుకు అడుగు కలిపాను. గీత దాటగానే నాయుడు వాళ్లిద్దరి మెడల్లో దండలు వేశాడు. నా పేరు ఎవరూ అనలేదు. ఇద్దరు పిల్లలకు మిషన్లు వచ్చాయి. నేను చప్పట్లు కొట్టాను, కొడుతున్నంతసేపూ గుండె మండుతూనే ఉంది.

ఆపా పోయాక గుంపును నడిపించేది నేనే. అసూయ పోయిందని రాస్తే ఆ రాత అల్లాహ్ దగ్గర నా లెక్కలో అబద్ధంగా పడుతుంది. చనిపోయిన మనిషి మీద కూడా అది బతికే ఉంది. అల్లాహ్ దాన్ని ఇంకా తీసెయ్యలేదు, అది ఉండగానే చెయ్యవలసిన పని చేయిస్తున్నాడు. పరుగుల దగ్గర కొత్తవాళ్లు నన్ను ఆపి, "మీరు జుబేదా ఆపా గుంపేనా?" అని అడుగుతారు. నా పేరు నోటిదాకా వస్తుంది. అవునంటాను.